వరుసలను కాలమ్‌లుగా తిప్పే క్వెరీ: ఎర్రర్ రాకుండా లెక్క తప్పేది ఎక్కడ?

అమీర్‌పేటలో మైత్రివనం చుట్టుపక్కల డేటాబేస్ కోర్సు చేసినవాళ్లకు ఈ ప్రశ్న కొత్త కాదు: టేబుల్‌లో వరుసలుగా ఉన్న డేటాను కాలమ్‌లుగా ఎలా తిప్పుతారు? హైటెక్ సిటీలో ఇంటర్వ్యూకి వెళ్తే అక్కడా ఎదురవుతుంది. ‘పివట్’ అని నాలుగు లైన్ల సింటాక్స్ అప్పజెబితే ఇంటర్వ్యూ గట్టెక్కుతుంది. ఉద్యోగంలో చేరాక ఆ నాలుగు లైన్లు చాలవు. ఈ రకం క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) తప్పినప్పుడు చాలాసార్లు ఎర్రర్ ఇవ్వదు. చక్కగా నడిచి, చూడ్డానికి నిండుగా ఉన్న రిపోర్టులో తప్పు అంకె పెట్టి ఇస్తుంది.

ఒక ఉదాహరణ పట్టుకుని చూద్దాం. నగరంలో కొన్ని బ్రాంచిలున్న టిఫిన్ సెంటర్ ఉందనుకుందాం. ‘అమ్మకాలు’ అనే టేబుల్‌లో బిల్లు నంబరు, తేదీ, బ్రాంచి, మొత్తం అని నాలుగు కాలమ్‌లు. ప్రతి బిల్లుకూ ఒక వరుస. యజమానికి కావాల్సింది బ్రాంచికో వరుస, ఏప్రిల్ నుంచి మార్చి దాకా నెలకో కాలమ్.

క్వెరీ రాయడానికి ముందే ఏది కిందికి రావాలి, ఏది పక్కకి రావాలి అన్నది తేల్చుకోవాలి. రిలేషనల్ డేటాబేస్‌లో ఫలితానికి ఎన్ని కాలమ్‌లు, వాటి పేర్లేంటి, రకాలేంటి అన్నది డేటాను ముట్టుకోకముందే, క్వెరీని పార్స్ చేసే (చదివి అర్థం చేసుకునే) దశలోనే ఖరారవుతుంది. వరుసలు ఎన్నైనా రావచ్చు. కాలమ్‌లు మాత్రం ముందే లెక్కగట్టినవి. ఈ వ్యవహారంలో తలనొప్పులు చాలావరకు ఇక్కడే పుడతాయి. కాబట్టి పెరిగేదాన్ని కిందికి, పెరగనిదాన్ని పక్కకి పెట్టాలి. నెలలు ఎప్పటికీ 12. బ్రాంచిలు ఈ ఏడు 5 ఉంటే వచ్చే ఏడు 9 కావచ్చు. నెలలను కాలమ్‌లు చేస్తే క్వెరీ ఒకసారి రాసి వదిలేయొచ్చు. బ్రాంచిలను కాలమ్‌లు చేస్తే కొత్త షట్టర్ లేచినప్పుడల్లా క్వెరీని మళ్లీ తెరవాలి. రిపోర్టు అడిగినవాళ్లను ఈ సంగతి ముందే అడగడం మేలు. చాలాసార్లు వాళ్లకు ఎటు తిప్పినా ఒకటే.

అన్ని డేటాబేస్‌లలో నడిచే పద్ధతి

మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్, ఎస్‌క్యూలైట్ అన్నింటిలోనూ నడిచేది ‘కేస్’తో కూడిన సమ్, అంటే షరతు పెట్టి కూడటం. చదవడానికి వీలుగా ఇక్కడ తెలుగు లిపిలో ఉంది. కీవర్డులను మామూలుగానే ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయాలి.

సెలెక్ట్ బ్రాంచి,
  సమ్(కేస్ వెన్ నెల = 4 దెన్ మొత్తం ఎండ్) యాజ్ ఏప్రిల్,
  సమ్(కేస్ వెన్ నెల = 5 దెన్ మొత్తం ఎండ్) యాజ్ మే,
  … (ఇలాగే మార్చి దాకా)
  సమ్(మొత్తం) యాజ్ ఏడాది_మొత్తం
ఫ్రమ్ అమ్మకాలు
వేర్ తేదీ >= '2024-04-01' అండ్ తేదీ < '2025-04-01'
గ్రూప్ బై బ్రాంచి

ఇందులో ‘నెల’ ఉన్నచోట తేదీ నుంచి నెల తీసే ఫంక్షన్ రాయాలి: పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్‌లలో ఎక్స్‌ట్రాక్ట్, ఎస్‌క్యూఎల్ సర్వర్, మైఎస్‌క్యూఎల్‌లలో మంత్. లోపల జరిగేది ఇది. మే నెల బిల్లు ఒకటి వచ్చిందనుకోండి. 12 కేసుల్లో ఒక్క మే కేసే దాని మొత్తాన్ని బయటికి ఇస్తుంది, మిగతా 11 నల్, అంటే విలువే లేని ఖాళీ, ఇస్తాయి. సమ్ నల్‌లను వదిలేస్తుంది. చివర్లో గ్రూప్ బై ఆ బ్రాంచి బిల్లులన్నింటినీ ఒక్క వరుసకు మడిచేస్తుంది.

టేబుల్‌ను చదవడం ఒక్కసారే. నెలకో సబ్‌క్వెరీ (క్వెరీ లోపలి క్వెరీ) రాసి, వాటిని కలపడానికి 12 జాయిన్లు పెట్టేవాళ్లూ ఉంటారు. అలా చేస్తే ఒకే టేబుల్‌ను 12 సార్లు తిరగేసినట్టు. పైగా అన్నింటిలోనూ ఉన్న బ్రాంచిలనే ఉంచే మామూలు ఇన్నర్ జాయిన్ వాడితే ఏ ఒక్క నెలలో అమ్మకం లేకపోయినా ఆ బ్రాంచి మొత్తానికే రిపోర్టులోంచి మాయమైపోతుంది.

పోస్ట్‌గ్రెస్ 9.4 నుంచి, ఎస్‌క్యూలైట్ 3.30 నుంచి ఇదే పనికి ‘ఫిల్టర్’ ఉంది: సమ్(మొత్తం) ఫిల్టర్ (వేర్ నెల = 4). చదవడానికి హాయిగా ఉంటుంది, ఎల్స్ గొడవ ఉండదు.

ఆ ఎల్స్ గొడవ చిన్నది కాదు. చాలామంది కేస్ చివర అలవాటుగా ‘ఎల్స్ 0’ (షరతు కుదరకపోతే సున్నా) పెడతారు. సమ్‌కు అది హాని చేయదు. అదే కేస్‌ను కౌంట్‌లో పెట్టి ‘దెన్ 1 ఎల్స్ 0’ అంటే కొంప మునిగినట్టే: కౌంట్ లెక్కించేది నల్ కాని విలువలను, సున్నా నల్ కాదు. 12 నెలలకూ ఒకే సంఖ్య కనిపిస్తే కారణం ఇదేనని చూడగానే చెప్పేయొచ్చు. యావరేజ్‌లో తప్పు అంత తేలిగ్గా దొరకదు. ఏప్రిల్‌లో ₹120, ₹180 బిల్లులు రెండు, మేలో మరో రెండు ఉన్నాయనుకుందాం. ఏప్రిల్ సగటు ₹150. ఎల్స్ 0 పెడితే మే బిల్లులు రెండూ సున్నాలుగా లోపలికొచ్చి, 300ని 4తో భాగించి ₹75 చూపిస్తుంది. ₹75 కూడా టిఫిన్ బిల్లుకు నమ్మదగ్గ సగటే కాబట్టి ఎవరూ అనుమానించరు. మిన్‌లో ఎల్స్ 0 పెడితే దాదాపు అన్నీ సున్నాలే. ఎల్స్ రాయకుండా వదిలేయడమే సురక్షితం. ఖాళీల బదులు సున్నా చూపించాలంటే నల్ బదులు వేరే విలువ ఇచ్చే కోయలెస్‌ను సమ్‌కు బయట పెట్టాలి.

పెట్టేముందు ఆ సున్నాకు అర్థమేంటో అడగాలి. దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచి జూన్‌లో తెరిచారనుకుందాం. దాని ఏప్రిల్ గడిలో నల్ అంటే అప్పటికి షాపే లేదని. సున్నా అంటే షాపు తెరిచి కూర్చున్నా ఒక్క ఇడ్లీ ప్లేటు కూడా పోలేదని. ఎక్సెల్‌లో ఎవరైనా ఆ వరుసకు సగటు తీస్తే ఈ రెండింటికీ జవాబులు వేరు.

తేదీల దగ్గర రెండు జాగ్రత్తలు. వేర్‌లో సంవత్సరం హద్దు పెట్టకుండా ‘నెల = 1’ అంటే 2024 జనవరి, 2025 జనవరి కలిసి ఒకే కాలమ్‌లో పడతాయి; సంక్రాంతి అమ్మకాలు రెట్టింపు కనిపిస్తాయి. రెండోది, హద్దును ‘బిట్వీన్ ఏప్రిల్ 1 అండ్ మార్చి 31’ అని రాస్తే, తేదీ కాలమ్‌లో సమయం కూడా ఉన్నప్పుడు మార్చి 31 అర్ధరాత్రి దాటాక పడిన బిల్లులన్నీ, అంటే ఆ రోజు అమ్మకం మొత్తం, బయటే ఉండిపోతుంది. పై క్వెరీలో ‘ఏప్రిల్ 1 కంటే తక్కువ’ అని రాసింది అందుకే. ఇంకో లాభమూ ఉంది: వేర్‌లో తేదీని ఏ ఫంక్షన్‌లోనూ చుట్టలేదు కాబట్టి తేదీ మీద ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వాడే సూచిక) ఉంటే అది పనికొస్తుంది.

జాయిన్ తెచ్చే తప్పు వీటన్నింటికంటే ఖరీదైనది. ₹400 బిల్లుకు కస్టమర్ కొంత యూపీఐలో, కొంత నగదుగా ఇచ్చాడు. ‘చెల్లింపులు’ టేబుల్‌లో ఆ బిల్లుకు రెండు వరుసలు. అమ్మకాలను చెల్లింపులతో జాయిన్ చేసి తిప్పితే ఆ బిల్లు ₹800 అవుతుంది. సమ్ బదులు మ్యాక్స్ పెట్టి దీన్ని ‘సరిచేసే’ అలవాటు ఒకటుంది. అది తప్పును దాచుతుందే తప్ప తీయదు. మ్యాక్స్ సరిపోయేది ఒక గడికి ఒకే విలువ ఉంటుందని యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండుసార్లు రానివ్వని నియమం) హామీ ఇచ్చినప్పుడే. కస్టమర్ వివరాలను పేరు–విలువ జతలుగా దాచిన టేబుల్ అలాంటిది. డబ్బు లెక్కల్లో ముందు బ్రాంచి, నెల వారీగా మొత్తం కట్టి, ఆ చిన్న ఫలితాన్ని తిప్పాలి. ఆ తర్వాతే జాయిన్లు.

పివట్ కీవర్డు ఇచ్చే మెట్ల నల్‌లు

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో పివట్ 2005 వెర్షన్‌తో వచ్చింది, ఒరాకిల్‌లో 11జీతో. మైఎస్‌క్యూఎల్‌లో పివట్ అనే కీవర్డే లేదు. ఉన్నచోట కూడా అది చేసేది పై కేస్ పద్ధతి చేసే పనే. వేగం పెరుగుతుందని ఆశపడక్కర్లేదు.

పివట్‌తో ఎక్కువమంది ఇరుక్కునే చోటు గ్రూప్ బై. పివట్‌లో గ్రూప్ బై రాయం. మొత్తం కట్టే కాలమ్, కాలమ్‌లుగా మారే కాలమ్ పోగా టేబుల్‌లో ఇంకేమేం మిగిలితే వాటన్నింటి మీదా అదే గ్రూప్ చేసేస్తుంది. అమ్మకాల టేబుల్‌ను నేరుగా పివట్‌కు ఇస్తే బిల్లు నంబరు కూడా గ్రూప్‌లో చేరుతుంది. బ్రాంచికో వరుస బదులు బిల్లుకో వరుస వస్తుంది. ప్రతి వరుసలో ఒక్క నెల గడిలోనే అంకె, మిగతా పదకొండూ నల్. తేదీ ప్రకారం పేర్చి చూస్తే అంకెలు మెట్లు మెట్లుగా కుడివైపుకు దిగుతూ పోతాయి. ఆ మెట్లు కనిపిస్తే ఎక్కువ కాలమ్ ఒకటి లోపలికి వచ్చిందని అర్థం. ఒకేలా ఉన్న వరుసలను తీసేసే డిస్టింక్ట్ పెట్టినా అది పోదు. బ్రాంచి, నెల, మొత్తం అనే మూడు కాలమ్‌లనే ఏరి ఇచ్చే సబ్‌క్వెరీ మీద పివట్ నడపాలి. ఇవాళ సరిగ్గా నడిచే పివట్ కూడా, ఎవరో టేబుల్‌కు ‘జీఎస్‌టీ’ అనే కాలమ్ చేర్చిన రోజున చెడిపోతుంది, సబ్‌క్వెరీ లేకపోతే.

చిన్న తేడాలు మరికొన్ని. ఎస్‌క్యూఎల్ సర్వర్ పివట్‌లో ఒకసారికి ఒకే లెక్క కట్టొచ్చు. మొత్తం, బిల్లుల సంఖ్య రెండూ కావాలంటే కేస్ పద్ధతే సుఖం. కౌంట్(*)ను అది ఒప్పుకోదు. ఒరాకిల్ ఒకేసారి రెండు మూడు లెక్కలు ఒప్పుకుంటుంది. కానీ కాలమ్‌లయ్యే విలువలు రాసే ఇన్ జాబితాలో, కోట్లలో ఉన్న మాటలకు అలియాస్ (మారుపేరు) ఇవ్వకపోతే కాలమ్ పేరులో కోట్ గుర్తులు కూడా భాగమైపోతాయి, తర్వాత ఆ కాలమ్‌ను పిలవడానికి డబుల్ కోట్ల లోపల సింగిల్ కోట్లు పెట్టాల్సి వస్తుంది.

పోస్ట్‌గ్రెస్‌లో పివట్ లేదు. టేబుల్‌ఫంక్ ఎక్స్‌టెన్షన్‌లో క్రాస్‌ట్యాబ్ అనే ఫంక్షన్ ఉంది. దీనికి రెండు రూపాలు. ఒకే ఆర్గ్యుమెంట్ తీసుకునే రూపం నెల పేరును పట్టించుకోదు. ఒక బ్రాంచికి వచ్చిన విలువలను వచ్చిన క్రమంలో ఎడమ నుంచి కుడికి నింపుకుంటూ పోతుంది. జూన్‌లో తెరిచిన దిల్‌సుఖ్‌నగర్ బ్రాంచిలో మొదటి నెల అమ్మకం ₹62,000 అయితే, అది నేరుగా ఏప్రిల్ గడిలో కూర్చుంటుంది. జూలైది మేలోకి, ఆగస్టుది జూన్‌లోకి. చివర రెండు గడులు ఖాళీ. వరుస మొత్తం కలిపితే సరిపోతుంది కాబట్టి టోటల్ సరిచూసినా ఈ తప్పు పట్టుబడదు. రెండు ఆర్గ్యుమెంట్ల రూపంలో నెలల జాబితాను వేరే క్వెరీగా ఇస్తాం, ప్రతి విలువా తన నెల కిందే పడుతుంది. నిజానికి ఒక ఆర్గ్యుమెంట్ రూపాన్ని రిపోర్టులకు వాడకపోవడమే మంచిది. రెండింటిలోనూ లోపలి క్వెరీకి ఆర్డర్ బై తప్పనిసరి. లేకపోతే ఒకే బ్రాంచి రెండు మూడు వరుసలుగా విడిపోతుంది.

తెలుగు పేర్లు కాలమ్ శీర్షికలైతే

బ్రాంచినో, జిల్లానో కాలమ్ చేయక తప్పని సందర్భాలూ ఉంటాయి. అప్పుడు డేటాలోని మాట క్వెరీలోకి, శీర్షికలోకి ఎక్కుతుంది. తెలుగు లాంటి భాషల డేటాకు ఉన్న తిప్పలు కొన్ని ఇక్కడ మొదలవుతాయి.

‘కూకట్‌పల్లి’ అని టైప్ చేసేటప్పుడు ట్, ప కలిసిపోకుండా మధ్యలో కంటికి కనిపించని అక్షరం ఒకటి పడుతుంది. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. యూనికోడ్‌లో దాని సంకేతం 200సి. ఒక కౌంటర్‌లో కీబోర్డు దాన్ని పెడుతుంది, ఇంకో చోట ఎవరో స్పేస్ కొడతారు, మరొకరు ఏదీ లేకుండా ‘కూకట్పల్లి’ అంటారు. మనిషికి మూడూ ఒకటే, డేటాబేస్‌కు మాత్రం సాధారణంగా మూడూ వేరు. మామూలు గ్రూప్ బైలో ఇవి మూడు వరుసలుగా కనిపించి తప్పు బయటపడుతుంది. కేస్‌లో బ్రాంచి పేరును పోల్చినప్పుడు సరిపోలని బిల్లులు ఏ కాలమ్‌లోనూ పడవు, చప్పుడు లేకుండా పోతాయి. అందుకే పేరును పోల్చకుండా బ్రాంచి కోడ్‌ను పోల్చాలి, తెలుగు పేరును శీర్షికగా మాత్రమే వాడాలి. దానికి తోడు, తెలిసిన కోడ్‌లలో ఏదీ కానివాటికి ‘ఇతర’ అని ఒక కాలమ్, చివర షరతు లేని మొత్తం ఒకటి పెట్టాలి. ‘ఇతర’లో ఒక్క రూపాయి కనిపించినా రిపోర్టు పంపడం ఆపి చూడాలి. కోడ్ నల్‌గా ఉన్న బిల్లులు ‘నాట్ ఇన్’ షరతుకు చిక్కవు కాబట్టి ‘ఇతర’ కేస్‌లో ‘ఈజ్ నల్’ కూడా రాయాలి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మరో ఉచ్చు. తెలుగు మాటను కోట్లలో పెట్టేముందు ఎన్ అనే అక్షరం తగిలించకపోతే, డేటాబేస్ కొలేషన్ (అక్షరాలను దాచి, పోల్చే పద్ధతి) యూటీఎఫ్–8 రకం కానప్పుడు, ఆ మాటలోని అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలుగా మారతాయి. షరతు దేనికీ సరిపోలదు, కాలమ్ అంతా నల్. సింటాక్స్ సరిగ్గానే ఉంది కాబట్టి గంటల తరబడి వెతికినా కంటికి ఆనదు.

పోస్ట్‌గ్రెస్‌లో కాలమ్ పేరుకు హద్దు 63 బైట్లు. ఇంగ్లిష్‌లో అది 63 అక్షరాలు. తెలుగులో ప్రతి యూనికోడ్ సంకేతం, అంటే గుణింతం గుర్తు, పొల్లు, సున్నా సహా, యూటీఎఫ్–8లో 3 బైట్లు తింటుంది. అంటే 21 సంకేతాలకే నిండిపోతుంది. తెలంగాణలోని 33 జిల్లాలను కాలమ్‌లు చేసే రిపోర్టు తీసుకుంటే, ‘కుమురం భీం ఆసిఫాబాద్’లో తెలుగు సంకేతాలు 18, స్పేసులు రెండు. 54, 2 కలిపి 56 బైట్లు, గట్టెక్కింది. దాని వెనక ‘_మొత్తం’ తగిలిస్తే 75. పోస్ట్‌గ్రెస్ దాన్ని ‘కుమురం భీం ఆసిఫాబాద్_మొ’ దగ్గర కోసేస్తుంది, ఒక నోటీసు మాత్రం ఇచ్చి ముందుకు పోతుంది. కోసిన తర్వాత రెండు పేర్లు ఒకటైపోతే, బయటి క్వెరీలో ఆ పేరు వాడగానే ‘ఏ కాలమ్ సంగతి?’ అని ఎర్రర్ వస్తుంది. మైఎస్‌క్యూఎల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ ఈ హద్దును బైట్లలో కాక అక్షరాల్లో కొలుస్తాయి కాబట్టి అక్కడ ఇంత ఇరుకు ఉండదు.

కాలమ్‌లు ముందే తెలియకపోతే

అప్పుడు మిగిలేది డైనమిక్ ఎస్‌క్యూఎల్: మొదటి క్వెరీతో విలువల జాబితా తీసి, దాంతో రెండో క్వెరీ వాక్యాన్ని కూర్చి, దాన్ని నడపడం. మైఎస్‌క్యూఎల్‌లో ఈ కూర్పుకు గ్రూప్ కన్‌క్యాట్ వాడతారు. దాని డిఫాల్ట్ హద్దు 1024 బైట్లు. ఒక్కో బ్రాంచికి వచ్చే కేస్ ముక్కలో పేరు రెండుసార్లు వస్తుంది, విలువగా ఒకసారి, శీర్షికగా ఒకసారి. ‘కూకట్‌పల్లి’ ఒక్కటే 33 బైట్లు కాబట్టి ముక్క మొత్తం సుమారు 120 బైట్లవుతుంది. అదే పొడవు పేర్లయితే తొమ్మిదో బ్రాంచి ముక్క మధ్యలో వాక్యం తెగిపోతుంది, ప్రిపేర్ చేయబోతే 1064 సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. ఎనిమిది బ్రాంచిల దాకా బాగా నడిచి, కొత్తది తెరిచిన రోజు ఆగిపోయే రిపోర్టుల రహస్యం ఇదే. కూర్పుకు ముందు అదే సెషన్‌లో గ్రూప్ కన్‌క్యాట్ మ్యాక్స్ లెన్ విలువను పెంచుకోవాలి.

డేటాలోని మాట క్వెరీ వాక్యంలోకి ఎక్కుతోంది కాబట్టి భద్రత కూడా చూడాలి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో శీర్షికలను కోట్‌నేమ్‌తో, పోస్ట్‌గ్రెస్‌లో కోట్ ఐడెంట్‌తో చుట్టాలి. బ్రాంచి పేరు టైప్ చేసే అవకాశం ఎవరికి ఉందో వాళ్లందరికీ, లేకపోతే, డేటాబేస్ మీద ఆదేశాలు రాసే అవకాశం ఇచ్చినట్టే. కూర్చేటప్పుడు కాలమ్‌ల క్రమాన్ని కూడా స్పష్టంగా చెప్పాలి. నెలల పేర్లను ఇంగ్లిష్ అక్షర క్రమంలో వదిలేస్తే ఏప్రిల్ పక్కన ఆగస్టు, దాని పక్కన డిసెంబరు వచ్చి కూర్చుంటాయి.

పోస్ట్‌గ్రెస్‌లో దీన్నంతా తప్పించే దారి ఒకటుంది: జేసన్‌బి ఆబ్జెక్ట్ ఎగ్‌తో బ్రాంచి–మొత్తం జతలన్నింటినీ ఒకే కాలమ్‌లో జేసన్‌గా (పేరు–విలువ జతలుగా రాసే ఫార్మాట్‌లో) ఇచ్చేయడం. కాలమ్‌ల సంఖ్య ఎప్పుడూ మారదు, పక్కకు పరిచే పని వెబ్ పేజీ చూసుకుంటుంది. ఒకే కీ రెండుసార్లు వస్తే చివరిదే మిగులుతుంది, కాబట్టి ఇక్కడా ముందు గ్రూప్ చేసి మొత్తం కట్టి పంపాలి.

అసలు డేటాబేస్‌లోనే తిప్పాలా అన్నది వేరే ప్రశ్న. ఫలితం చివరికి ఎక్సెల్‌కో, రిపోర్టులు చేసే పవర్ బీఐకో వెళ్తుంటే, బ్రాంచి, నెల, మొత్తం అనే మూడు కాలమ్‌లలో నిలువుగా పంపడం ఉత్తమం. తిప్పడం ఆ పనిముట్లకు పుట్టుకతో వచ్చిన విద్య, యజమాని అడ్డం నిలువు మార్చమన్నా క్వెరీ జోలికి పోనక్కర్లేదు. డేటాబేస్‌లో తిప్పాల్సింది ఫలితాన్ని స్థిరమైన ఆకారంలో ఇవ్వాల్సి వచ్చినప్పుడు: నెలలో 31 రోజుల హాజరు పట్టీ, ఆర్థిక సంవత్సరం 12 నెలలు, అవతలి సిస్టమ్ అడిగిన ఫైల్ ఫార్మాట్. తిప్పిన ఫలితాన్ని శాశ్వత టేబుల్‌గా దాచి ప్రతి నెలా ఒక కాలమ్ చేర్చుకుంటూ పోవడం మాత్రం ఎవరికీ సలహా ఇవ్వదగ్గ పని కాదు. పోస్ట్‌గ్రెస్‌లో టేబుల్‌కు 1600 కాలమ్‌లు, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో మామూలుగా 1024 అనే హద్దు దాకా వెళ్లేలోపే, ‘గత మూడు నెలల మొత్తం’ అన్న సాదా ప్రశ్నకు ప్రతి నెలా కొత్త క్వెరీ రాయాల్సి వస్తుంది.

అలాంటి అడ్డ టేబుల్ ఎవరో చేసి చేతిలో పెడితే దాన్ని మళ్లీ నిలువు చేయాలి. ఒక్కో నెలకూ ఒక సెలెక్ట్ రాసి యూనియన్ ఆల్‌తో కలపడం అన్ని చోట్లా నడుస్తుంది. ఆల్ మరిచి ఉత్త యూనియన్ రాస్తే అచ్చంగా ఒకేలా ఉన్న వరుసలు ఒకటైపోతాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో క్రాస్ అప్లై వాల్యూస్, పోస్ట్‌గ్రెస్‌లో లాటరల్ వాల్యూస్ ఇదే పనిని టేబుల్‌ను ఒక్కసారి చదివి చేస్తాయి. అన్‌పివట్ కీవర్డు వాడితే నల్ ఉన్న గడులకు వరుసలే రావు. దిల్‌సుఖ్‌నగర్‌కు ఏప్రిల్, మే వరుసలు ఉండవు. అవి కావాలంటే ఒరాకిల్‌లో ‘ఇంక్లూడ్ నల్స్’ అని చెప్పొచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్ అన్‌పివట్‌కు ఆ మాట తెలియదు, అక్కడ క్రాస్ అప్లైనే వాడాలి.